మాగోమె నుంచి త్సుమాగోకి నడిచే ముందు

జపాన్‌లో ఎడో కాలంలో (1603–1868) బాటసారులు క్యోటోకీ, ఎడోకీ (ఇప్పటి టోక్యో) మధ్య నడిచిన నకసెండో దారిలో ఇది సుమారు 8 కిలోమీటర్ల ముక్క. గైడ్ వెంట ఉన్నా ఇవి మీరే చూసుకోవాలి.

అన్నిటికన్నా ముందు బూట్లు. పాత రాళ్లు పరిచిన చోట వాన పడితే సబ్బు రాసినట్టు జారుతుంది. అడుగు అరిగిన జతతో అసలు బయల్దేరొద్దు. కొత్తవైతే వారం ముందు నుంచే వేసుకుని తిరగండి.

దారి పక్కన ఎలుగుబంట్లను దూరంగా ఉంచడానికి గంటలు కట్టారు. కనబడిన ప్రతిదాన్నీ గట్టిగా మోగించండి, మొహమాటం వద్దు.

రెయిన్‌కోటు, నీళ్లు, చిల్లర యెన్‌లు, చెత్తకో కవరు.

మోకాళ్ల నొప్పి ఉంటే గైడ్‌కి ముందే చెప్పండి. కనుమ దాటాక దిగుడే ఎక్కువ.

తిరుగు బస్సులు తక్కువ, టైమ్ రాసిపెట్టుకోండి.