బీల గట్లు, ఎర్రమట్టి బాటలు: సైకిల్ తీసే ముందు చూసుకోవాల్సినవి

సెప్టెంబరు దాటి వానలు కాస్త తెరిపిస్తే చాలు, మన శ్రీకాకుళం, విజయనగరం వైపు సైకిళ్లు బయటికొస్తాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో కొంగలు దిగాయని కబురు తెలియగానే కుర్రాళ్లు గుంపులుగా బయల్దేరుతారు, రామతీర్థం వైపు చిన్న కొండల కింద బాటల్లో తొక్కేవాళ్లూ పెరుగుతారు. నేల చదును, కొండలు చిన్నవి, దీనికి జాగ్రత్తలేంటి అంటారు. నాకు భయం వేసేది ఆ మాటకే. మన దగ్గర చిక్కులన్నీ నీటి దగ్గరే వస్తాయి. అది కూడా ఎదురుగా కనబడే నీరు కాదు, గడ్డి కింద, మట్టి కింద ఉన్న నీరు.

ముందు గట్ల గురించి చెప్తాను, ఎందుకంటే అందరూ తేలిగ్గా తీసుకునేది వాటినే. సోంపేట బీల అయినా నౌపడ తంపర అయినా నెలల తరబడి నీరు పట్టి ఉంచే చిత్తడి నేల. పైన ఎండి గట్టిగా కనిపించే గట్టు లోపల నానిపోయి ఉంటుంది, మనిషి నడిస్తే ఆగుతుంది కానీ సైకిల్ చక్రం అంచుకి వచ్చిందంటే ఆ అంచు విరిగి మీతో పాటే పొలంలోకి జారుతుంది. దానికి తోడు రైతులు నీరు తీయడానికి గట్టుకి అక్కడక్కడా గండి కొడతారు. వాన తర్వాత గడ్డి మోకాలెత్తు పెరిగితే ఆ గండి కళ్లకి కనబడదు, ముందు చక్రం అందులో పడితే హ్యాండిల్ మీంచి ఎగిరి పడతారు. కాబట్టి గడ్డి కమ్మిన గట్టు మీద దిగి నడిపించుకుంటూ వెళ్లండి. మదుము, అంటే నీరు వదిలే తూము దగ్గర ఎప్పుడైనా సరే దిగాల్సిందే, అక్కడ సిమెంటు నాచు పట్టి ఉంటుంది.

దారి అడిగేటప్పుడు కూడా కాస్త ఆలోచించి అడగాలి. "ఈ దారి అవతలికి వెళ్తుందా" అంటే ఎవరైనా "వెళ్తుంది బాబూ" అనే అంటారు, వాళ్లు నడిచి వెళ్తారు కదా. "తాతా, ఈ గట్టు మీద నిన్నా ఇవాళా బండేమైనా వెళ్లిందా?" అని అడగండి. ట్రాక్టరో ఎడ్లబండో వెళ్లిందంటే నేల ఆగుతుంది. వెళ్లలేదంటే వెనక్కి తిరిగి తారు రోడ్డెక్కండి.

నదుల సంగతి ఇంకా పెద్దది. వంశధార, నాగావళి రెండూ ఒడిశాలో పుట్టి వస్తున్నాయి. అక్కడ కొండల్లో రాత్రంతా వాన పడితే ఇక్కడ మనకి ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది, వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తితే కింద ఇసుక తిన్నెలు చూస్తుండగానే మునుగుతాయి. పొద్దున్న మన ఊళ్లో ఆకాశం బాగుందని నది పక్క బాట పట్టొద్దు, రాయగడ, గుణుపూర్ వైపు వాన ఎలా ఉందో కూడా చూసుకోండి. గెడ్డలు, అంటే చిన్న వాగులు, మరీ త్వరగా పొంగుతాయి. కాజ్‌వే మీద నీరు పారుతుంటే లోతు తక్కువే కదా అని దిగొద్దు, మోకాలి లోపు నీరైనా ప్రవాహం ఉంటే మనిషిని పడేస్తుంది, చక్రాలు ఇంకా ముందే పక్కకి పోతాయి. గంటా రెండు గంటలు ఆగితే చాలాసార్లు గెడ్డ దానంతటదే తగ్గుతుంది.

అక్టోబరు అంటే తుపాన్ల నెల అని మన జిల్లాల వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరం వైపు ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటల్ని ఎలా పడగొట్టిందో అందరం చూశాం. తుపాను వెళ్లిపోయిన తర్వాతి వారం కూడా తోటల్లోకి సైకిల్ తీసుకెళ్లకండి, సగం విరిగి వేలాడే మట్టలుంటాయి, తెగిపడిన కరెంటు తీగలు నీటిలో ఉంటాయి. పిడుగుల విషయంలో కూడా మొండికెళ్లొద్దు. ఉరుము వినబడిందంటే మీరు పిడుగు పడే దూరంలోనే ఉన్నట్టు. బీల మధ్యలో గట్టు మీద మీరే ఎత్తైన వస్తువు, తాటిచెట్టు కిందకి పరిగెత్తడం అంతకంటే చెడ్డ పని. వీలైనంత వేగంగా పక్కా ఇల్లో, తలుపులున్న కారో చేరండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకండి. బయల్దేరే ముందే ఫోన్‌లో దామిని యాప్ వేసుకుంటే చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక వస్తుంది.

సైకిల్ గురించి ఎక్కువ చెప్పను. రెండంగుళాల టైరుంటే మట్టిబాట మీద 30 నుంచి 35 పీఎస్ఐ గాలి చాలు, గట్టిగా కొడితే కంకర మీద ఎగురుతుంది. విజయనగరం వైపు ఎర్రమట్టి దిగుడు బాటల్లో పైన చిన్న చిన్న గులకరాళ్లు పరుచుకుని ఉంటాయి, అక్కడ మలుపులో ముందు బ్రేకు పట్టారంటే చక్రం జారిపోతుంది, వేగం మలుపుకి ముందే తగ్గించుకోవాలి. నల్లమట్టిలో మాత్రం అసలు తొక్కొద్దు. నాలుగు చుట్లు తిరిగేసరికి మట్టి బ్రేకు షూల దగ్గర, మడ్‌గార్డ్ కింద పట్టేసి చక్రం ఆగిపోతుంది, అప్పుడు బలంగా పెడల్ తొక్కితే గేరుని పట్టి ఉంచే ముక్క విరుగుతుంది. పుల్లతో గీకి తీసి, భుజాన వేసుకుని నడవండి. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఎలాగూ ఉంటాయి కాబట్టి ఒకటికి రెండు ట్యూబులు, పంపు, ప్యాచ్‌లు పెట్టుకోండి. హెల్మెట్ లేకుండా రావద్దు, ఇందులో బేరం లేదు.

పాముల గురించి టెన్షన్ పడక్కర్లేదు, కానీ వరి కోతల ముందు ఎలకల కోసం అవి గట్ల మీదే తిరుగుతాయి. ముళ్లపొద పక్కన చూడకుండా కూర్చోవద్దు, చీకటి పడ్డాక గట్టెక్కొద్దు. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ చేయకండి. ఉంగరాలు, బిగుతు చెప్పులు తీసేసి, కాటు పడ్డ కాలు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందున్న ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. నాటు మందుల దగ్గర పోయే గంటే ప్రాణం తీస్తుంది.

ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లున్నాయి, ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒక రైతు చనిపోయాడు. తెల్లవారుజామున, సాయంత్రం మసకలో ఆ తోటల బాటలు వదిలేయండి. పగలు వెళ్లినా ఒక్కరే వెళ్లొద్దు, మలుపుల్లో బెల్లు కొడుతూ మాట్లాడుకుంటూ వెళ్లండి, సైకిల్ చప్పుడు లేకుండా వెళ్లి దాని ఎదురుగా నిలబడటమే అసలు ప్రమాదం. పాలకొండ దాటి భామిని, సీతంపేట వైపు వెళ్లేవాళ్లు ఏనుగుల గుంపు ఎక్కడుందో ఊళ్లో అడిగి గానీ కదలొద్దు. అడవిపందుల కోసం పొలాల చుట్టూ కరెంటు తీగ పెట్టేవాళ్లు కూడా ఉన్నారు, అందుకే దారి తప్పితే పొలానికి అడ్డంగా దూరకండి, వచ్చిన తోవనే వెనక్కి రండి.

కోతలయ్యాక రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, గడ్డి పరుస్తారు. గడ్డి కింద గుంత ఉంటుంది, గింజల మీద టైరు జారుతుంది. అంతకుమించి అది ఒక ఇంటి ఏడాది తిండి. దిగి పక్కనుంచి నడవండి. బీల కోసం 2010లో సోంపేట జనం థర్మల్ ప్లాంటుకి అడ్డు నిలిచారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అలా కాపాడుకున్న నేల మీద మనం సరదాకి తిరుగుతున్నామన్న సంగతి మర్చిపోకూడదు. తేలినీలాపురంలో చెట్ల కింద కేకలు వేయడం, డ్రోన్ ఎగరేయడం వద్దు. పక్షి బెదిరి లేస్తే గూడులో పిల్ల కింద పడుతుంది.

ఊరి కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి, దిగి సైకిల్‌ని మీకూ కుక్కకీ మధ్య పెట్టుకోండి. కరిచిందంటే సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు టీకా వేయించుకోవాలి.

ఇంటికొచ్చాక నౌపడ ఉప్పు మడుల వైపు వెళ్లొచ్చిన సైకిల్‌ని మంచినీటితో కడిగి చైన్‌కి నూనె పెట్టండి, లేదంటే త్వరగా తుప్పు పడుతుంది. మీరూ స్నానం చేసి చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక చూసుకోండి. గడ్డిలో ఉండే చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది, కుట్టిన చోట నల్లటి పెచ్చు కట్టొచ్చు, నొప్పి ఉండదు కాబట్టి చాలామంది చూసుకోరు. పుండుంటే పొలం నీటిలో దిగకండి, ఎలకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. తర్వాతి మూడు వారాల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా పారాసిటమాల్‌తో సరిపెట్టుకోకుండా, ఫలానా రోజున బీలలో గడ్డిలో తిరిగాను, బురదలో దిగాను అని డాక్టరుకి మీరే చెప్పండి. ఆ ఒక్క మాట తెలిస్తే ఏ పరీక్ష చేయించాలో ఆయనకి వెంటనే తడుతుంది.