పడుకునే ముందు అడవి కథ: నిద్ర చెడగొట్టకుండా చెప్పడం ఎలా

రాత్రి తొమ్మిదిన్నర దాటాక పిల్లాడు మంచం మీద గెంతుతూ "నాన్నా, పులిలాగ ఇంకోసారి అరవ్వా" అంటున్నాడంటే తప్పు వాడిది కాదు, కథ చెప్పినవాళ్ళది. అడవి కథ అనగానే మనకి పులి, సింహం, వేటగాడు, ఉచ్చు, గర్జన ఇవే గుర్తొస్తాయి. అవన్నీ పగలు అన్నం తినిపించేటప్పుడు చెప్పుకోండి, ఎవరూ కాదనరు. రాత్రి కథలో కూడా సాహసం ఉండాల్సిందే, లేకపోతే నాలుగేళ్ళవాడు రెండు నిమిషాలు కూడా వినడు. కానీ ఆ సాహసం మొదటి సగంలోనే అయిపోవాలి, మిగతా సగమంతా ఇంటికి తిరిగి రావడమే. చాలామంది పిల్లల్ని కొండ ఎక్కించేస్తారు, దింపడం మాత్రం మర్చిపోయి లైటు ఆర్పేస్తారు.

ముందు టైం సంగతి. మూడు, నాలుగేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పొద్దున్నే లేపి స్కూల్ వ్యాన్ ఎక్కించాలంటే రాత్రి ఎన్నింటికి పడుకోబెట్టాలో మీరే లెక్క వేసుకోండి. కాబట్టి కథ పది నిమిషాలు, మహా అయితే పావుగంట. ఫోను పక్క గదిలో పెట్టేయండి. యూట్యూబ్‌లో కథ పెట్టి పక్కన పడుకోవడాన్ని నేను కథ చెప్పడం కింద లెక్కవేయను, ఎందుకంటే పిల్ల కళ్ళు మూతలు పడుతున్నాయని ఆ వీడియోకి తెలీదు, మీకు తెలుస్తుంది.

ఏ అడవి కథ చెప్పాలి?

దగ్గర్లో ఉన్న అడవి కథే చెప్పండి. మన దేశంలో సింహాలు అడవిలో ఉండేది గుజరాత్‌లో గిర్ అడవి ఉన్న సౌరాష్ట్ర ప్రాంతంలో మాత్రమే, అయినా మన పిల్లల కథలన్నిటికీ సింహమే రాజు. ఉండనివ్వండి, పాత కథలు పాత కథలే. కొత్తగా అల్లుకునేటప్పుడు మాత్రం ఎలుగుబంటిని, అలుగుని (ఒంటి నిండా పొలుసులుండే జంతువు), ముళ్ళపందిని, కొండముచ్చుని, నెమలిని, గుడ్లగూబని పెట్టండి. గెడ్డ (వాగు) పెట్టండి, మెట్ట (చిన్న కొండ) పెట్టండి, జీడితోట, పనసచెట్టు, ఇప్పచెట్టు పెట్టండి. పిల్ల పగలు చూసిన చెట్టు రాత్రి కథలో కనిపిస్తే "ఆ చెట్టేనా?" అని అడుగుతుంది. "ఆ చెట్టే" అనండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఊళ్ళ పేర్లు కూడా వాడుకోండి. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురానికి చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్ళు కడతాయి, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానాకాలం మొదట్లో నత్తలు తినే కొంగలు వస్తాయి. "చాలా దూరం నుంచి ఒక పక్షి మన తేలుకుంచికి బయల్దేరింది" అని మొదలుపెడితే అదే పెద్ద ప్రయాణం కథ. ఎవరూ ఎవర్నీ తినక్కర్లేదు, దారి వెతుక్కోవడం చాలు. నత్తలు పాపం అంటారా, రాత్రి పూట ఆ విషయం ఎత్తకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త, ఇది మన ఉత్తరాంధ్ర వైపు వాళ్ళకి మరీ ముఖ్యం. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్లకి ఎలుగుబంటి అంటే బొమ్మ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అలా కాదు. పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్లోకి నిజం ఎలుగులే వస్తాయి, మనుషుల మీద పడ్డ సందర్భాలూ ఉన్నాయి. కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస వైపు (మొన్నటిదాకా విజయనగరం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం) ఒడిశా నుంచి వచ్చిన ఏనుగుల గుంపు 2018 నుంచి తిరుగుతూ పంటలు తొక్కేస్తోంది. ఆ ఊళ్ళలో పిల్లలు పగలంతా పెద్దవాళ్ళ నోట ఈ మాటలే వింటారు. వాళ్ళకి రాత్రి "బుజ్జిగాడు ఎలుగు వీపెక్కి అడవంతా తిరిగాడు" అని చెప్తే రెండు రకాలుగా నష్టం. భయం ఉన్న పిల్ల ఇంకా భయపడుతుంది, భయం లేని పిల్ల రేపు తోటలో ఎలుగు పిల్ల కనిపిస్తే దగ్గరికి పోతుంది.

దీనికి నాకు నచ్చిన ఉపాయం మంచె. పొలంలో కాపలాకి వేసుకునే మంచె చాలామంది పిల్లలు చూసే ఉంటారు, లేదంటే తాతనో అమ్మమ్మనో అడిగితే చెప్తారు. కథలో మీ పిల్ల ఎప్పుడూ మంచె మీదే ఉంటుంది, పక్కన తాత ఉంటాడు. కింద అడవిలో జరిగేదంతా చూస్తుంది, ఏది ఎటు పోయిందో కనిపెడుతుంది, చెవి పెట్టి వింటుంది, కానీ కిందకి దిగదు. సాహసంలో తనకీ వాటా ఉంటుంది, జంతువుని ముట్టుకోవచ్చన్న ఆలోచన రాదు. పైగా మంచె మీద దుప్పటి ఉంటుంది, పడుకోవచ్చు, అది తర్వాత పనికొస్తుంది.

ఒక కథ, దాన్ని చెప్పే తీరు

ఉత్త సూచనలు ఇస్తే ఉపయోగం లేదు కాబట్టి ఒక కథ పూర్తిగా చెప్తాను, మధ్యలో ఎక్కడ ఏం చెయ్యాలో కూడా చెప్తాను. మీ పిల్ల పేరు పెట్టుకోండి, ఇక్కడికి చిన్ని అనుకుందాం.

అనగనగా ఒక మెట్ట, మెట్ట కింద జీడితోట, తోట చివర మంచె. మంచె మీద చిన్ని, తాత. వెన్నెల బాగా కాస్తోంది. కింద ఒక అమ్మ ఎలుగు వెళ్తోంది, దాని వీపు మీద బుల్లి ఎలుగు జుట్టు గట్టిగా పట్టుకుని కూర్చుంది. (ఎలుగులు పిల్లల్ని నిజంగానే వీపు మీద మోస్తాయి, ఇది కల్పించింది కాదు, అందుకే పిల్లలు అడిగితే ధైర్యంగా చెప్పొచ్చు.) ఇక్కడిదాకా మామూలు గొంతుతో, కొంచెం హుషారుగా చెప్పండి.

అంతలో పనసపండు వాసన వచ్చింది. బుల్లి ఎలుగు ముక్కు ఇలా ఇలా అంది. (మీ ముక్కు ఎగబీల్చండి, పిల్ల కూడా ఎగబీలుస్తుంది.) జారి కిందకి దిగింది, వాసన పట్టుకుని పోయింది, పోయింది, పోయింది. పనసపండు దొరికింది, మూతంతా జిగురు. తిని తల ఎత్తి చూస్తే అమ్మ లేదు.

ఇదే మీ సాహసం. తప్పిపోవడం. పులి రాలేదు, ఎవరూ తరమలేదు, అయినా పిల్ల ఊపిరి బిగబట్టి "అప్పుడేటైంది?" అంటుంది. చిన్నపిల్లకి అమ్మ కనిపించకపోవడం కన్నా పెద్ద గండం లేదు, కాబట్టి దీన్ని సాగదీయకండి. వెంటనే మంచె మీదకి రండి: చిన్నికి పైనుంచి అమ్మ ఎలుగు కనిపిస్తూనే ఉంది, అదిగో చెదల పుట్ట దగ్గర. అమ్మ ఎక్కడుందో తనకి తెలుసు, బుల్లి ఎలుగుకే తెలీదు. అప్పుడు పిల్లకి భయం పోయి కంగారు మాత్రం మిగులుతుంది.

బుల్లి ఎలుగుకి దారిలో అలుగు కనిపించింది. "మా అమ్మని చూశావా?" అంది. అలుగు భయపడి గుండ్రంగా బంతిలా చుట్టుకుపోయింది. బుల్లి ఎలుగు పక్కనే కూర్చుని ఆగింది. ఆగింది. ఆగింది. (ఇక్కడి నుంచి గొంతు తగ్గించడం మొదలుపెట్టండి, మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలండి.) మెల్లగా అలుగు విచ్చుకుంది. "చూళ్ళేదు గానీ, నువ్వు గమ్మునుంటే వినిపిస్తుంది" అంది.

ఇద్దరూ గమ్మున ఉన్నారు. గెడ్డ చప్పుడు వినిపించింది. కీచురాళ్ళు వినిపించాయి. ఇంకా దూరంగా... సూఫ్... సూఫ్... ఎలుగుబంటి చెదలు తినేటప్పుడు ముందు మట్టి ఊదేసి తర్వాత గట్టిగా పీలుస్తుంది, ఆ చప్పుడు అడవిలో చాలా దూరం వినిపిస్తుంది. అమ్మే! ఈ చప్పుడు పిల్లచేత కూడా చేయించండి, కానీ మెల్లగా. తెలీకుండానే నాలుగైదు సార్లు లోతుగా ఊపిరి పీల్చి వదులుతుంది, నిద్రకి అంతకన్నా మంచి మందు లేదు.

బుల్లి ఎలుగు చప్పుడు వెంట పోయింది, అమ్మ వీపెక్కింది, జుట్టు పట్టుకుంది. కథ అయిపోయిందనుకుంటున్నారా? నా లెక్కలో సగమే అయింది. ఇప్పుడు దింపాలి. అమ్మ ఎలుగు నడుస్తోంది. జీడిచెట్టు దాటింది. పనసచెట్టు దాటింది. ఇప్పచెట్టు దాటింది. గెడ్డలో నీళ్ళు తాగింది. మెట్ట ఎక్కింది. రాళ్ళ సందులోకి వెళ్ళింది. తెల్లారబోతోంది, ఎలుగులకి పడుకునే టైం. (మనకి స్కూల్ టైం వాటికి పడుకునే టైం అంటే పిల్లలకి భలే నవ్వు, ఆ నవ్వు చిన్నదిగా ఉండనివ్వండి.) మంచె మీద తాత దుప్పటి కప్పాడు. చెట్ల పేర్లు చెప్పే ఈ భాగాన్ని ఎంతైనా సాగదీసుకోవచ్చు, ఒకే తీరులో, ఒకే వేగంతో. ఇక్కడ కొత్త సంగతి ఒక్కటి కూడా పెట్టకండి.

ఊఁ కొట్టించండి

కథకి ఊఁ కొట్టించడం పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదు. చీకట్లో పిల్ల ముఖం కనిపించదు, ఊఁ వినిపిస్తుంది. ఊఁ గట్టిగా, టక్కున వస్తే ఇంకా మెలకువగా ఉంది, కథ నడిపించొచ్చు. ఊఁ ఆలస్యంగా వస్తోందంటే దిగే భాగంలోకి వెళ్ళిపోండి, కథ ఎక్కడున్నా సరే. ఊఁ ఆగిపోయిందని మీరూ టక్కున ఆపేయకండి, గొంతు ఆగితే పిల్ల కళ్ళు తెరుస్తుంది. ఇంకో రెండు నిమిషాలు చెట్లు దాటిస్తూనే ఉండి గొంతుని సన్నగా తగ్గించేయండి.

బయట చప్పుళ్ళని కథలో కలిపేయండి. పలాస, ఆమదాలవలస, విజయనగరం లాంటి చోట్ల ఇల్లు లైను పక్కనే ఉంటే రాత్రంతా రైలు కూత వినిపిస్తుంది. "అదిగో ఆ కూతకి నెమలి తల ఎత్తింది" అనేస్తే సరి. ఈదురుగాలి రాత్రులు వేరు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను చూసిన ఇళ్ళలో గాలి హోరంటే పెద్దవాళ్ళకే గుండె దడ, పిల్లలు మన గొంతులోనే అది పట్టేస్తారు. అలాంటి రాత్రి చెట్టు మీది గూడు కథ వద్దు, బొరియలో ముళ్ళపంది కుటుంబం కథ చెప్పండి.

వయసుని బట్టి మార్చుకోవడం పెద్ద కష్టం కాదు. రెండు, మూడేళ్ళవాళ్ళకి తప్పిపోవడం కూడా ఎక్కువే, బుల్లి ఎలుగు ఒక్కో జంతువు దగ్గరికి వెళ్ళి "పడుకున్నావా?" అని అడిగి రావడం చాలు. నాలుగు, ఐదేళ్ళకి పైన చెప్పిన కథ సరిపోతుంది. ఆరు దాటాక ఊరికే ఒప్పుకోరు, నిజాలు కావాలి, పందెం కడతారు. ఏనుగుల గుంపుకి పెద్ద ఎవరో అడగండి, మగ ఏనుగనే అంటారు. కాదు, వయసులో పెద్దదైన ఆడ ఏనుగే గుంపుని నడిపిస్తుంది, అంటే అమ్మమ్మ అన్నమాట. ఎలుగుబంటికి పై వరసలో మధ్య పళ్ళు రెండు ఉండవు, ఆ సందులోంచే చెదలు పీలుస్తుంది. ముందు పళ్ళు ఊడిన ఒకటో తరగతి పిల్లకి ఇది చెప్పి చూడండి, వారం రోజులు అదే కథ అడుగుతుంది.

"నిజంగా ఎలుగు మనింటికి వస్తుందా?" అని అడిగితే "ఛ, అలాంటివేం లేవు" అనకండి. వాళ్ళు వార్త విన్నారు, మీరు అబద్ధం చెప్తున్నారని తెలిసిపోతుంది. "తోటల్లోకి అప్పుడప్పుడు వస్తుంది, అందుకే రాత్రి మనం తలుపేసుకుని లోపల ఉంటాం, ఒక్కళ్ళం తోటకి పోం, కనిపిస్తే దగ్గరికి వెళ్ళకుండా పెద్దవాళ్ళకి చెప్తాం" అని మామూలు గొంతుతో చెప్పి కథలోకి వచ్చేయండి. "పడుకోకపోతే ఎలుగు వచ్చి పట్టుకుపోద్ది" అనే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే, మామ్మ అయినా సరే, పగలు మెల్లగా చెప్పి మాన్పించండి. ఆ ఒక్క మాట మీరు చెప్పే కథలన్నిటినీ పాడుచేస్తుంది.

ఇక "ఇంకోటి" గోల. కథ కంచికి, మనం ఇంటికి అనేశాక రెండో కథ లేదని మొదటిరోజే చెప్పేయండి, అడిగితే అదే కథలో చెట్లు దాటే భాగం మాత్రం మళ్ళీ చెప్తానని బేరం పెట్టండి. ఎక్కువమంది రెండో ఇప్పచెట్టు దగ్గరే పడిపోతారు. పడిపోకపోతే సమస్య కథది కాదు, సాయంత్రం లేటుగా తీసిన కునుకుది, అది సరిచూసుకోండి.

చివరిగా, కథలో పెట్టిన పేర్లు ఎక్కడైనా రాసి పెట్టుకోండి. రేపు రాత్రి మీరు పనసచెట్టు బదులు మామిడిచెట్టు అన్నారంటే నిద్ర ముంచుకొస్తున్న పిల్ల కూడా లేచి కూర్చుని "కాదు, పనసచెట్టు!" అంటుంది, మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది.