కావన్‌సైట్ కొనేటప్పుడు మొదలు చూడాలె

పుణె చుట్టుపక్కల కంకర పనికి పోయే మా నారాయణపేట దిక్కు మనుషులు పండక్కి ఊరొచ్చినప్పుడు, ఎవరో ఒకరు కావన్‌సైట్ అనే నీలం రాయి పట్టుకొచ్చి "అన్నా, ఎంత పలుకుతది?" అని అడుగుతుంటారు. రంగు చూసి నేను ధర చెప్పను. ఆ నీలం తన అడుగునున్న తెల్లరాయికి ఎక్కడ అంటుకుందో అక్కడ భూతద్దం పెడతాను.

కావన్‌సైట్ అంటే కాల్షియం, వనాడియం, సిలికా, నీళ్లు కలిసిన ఖనిజం. నీలం రంగు వనాడియంది. మొదట 1967లో అమెరికాలోని ఒరెగాన్‌లో దొరికింది, కానీ అమ్మకానికొచ్చే మంచి ముక్కలు దాదాపు అన్నీ పుణె దగ్గరి వాఘోలీ క్వారీలవే. అక్కడి నల్లరాతి గుల్లల్లో, స్టిల్‌బైట్ అనే తెల్లరాయి మీద చిన్న చిన్న గోళీల్లా పూస్తుంది. మన పాలమూరు, నల్గొండల్లో ఎక్కువగా ఉండేది గ్రానైట్. దేవరకొండలో బోరు వేస్తే దొరికిందని ఎవరైనా చెప్తే ఆ కథకు పైసలియ్యకండి.

గోకి చూడొద్దు. గట్టిదనం 3, 4 మధ్యే, చాకు తగిలితే కొసలు రాలిపోతాయి, ధర కూడా వాటితోనే రాలుతుంది. 10 రెట్ల భూతద్దంలో చూస్తే గోళీ నున్నగా ఉండదు. నడిమి నుంచి నలుదిక్కులా పొడుచుకొచ్చిన సన్నని పలకలు, ఒక్కొక్కదానికీ పదునైన కొస కనిపిస్తాయి. ఆ పలకలు, కొసలు లేకుండా, అన్నివైపులా ఒకే నీలంతో ఉంటే అనుమానించాలి. తడి గుడ్డతో ఒక మూల అద్దండి. నీలం అంటితే అది రంగద్దిన ఒకెనైట్ అనే తెల్లటి ఖనిజమో మరేదో. మైలుతుత్తం స్ఫటికాలను కూడా అంటగడతారు, అవి నీళ్లలో కరుగుతాయి.

అసలు మోసం అతికింపులో ఉంది. గోళీ నిజమైందే, తెల్లరాయీ నిజమైందే, రెంటినీ కలిపింది మాత్రం ఫెవిక్విక్. గోళీ మొదలు దగ్గర నిగనిగలాడే సన్నటి అంచు, అందులో చిక్కిన రాతిపొడి కనిపిస్తే అదే. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే కొన్ని జిగుర్లు తెల్లగా వెలుగుతాయి. తనంతట తాను పెరిగిన చోట స్టిల్‌బైట్ పలకలు నీలాన్ని అక్కడక్కడా కరుచుకొని ఉంటాయి. ఇది చేత్తో చేయలేరు.

ఇక ధర. విడి గోళీ అయితే చిల్లర బేరమే. తెల్లరాయి నడుమ ఒంటరిగా, ఏ వైపూ పగలకుండా నిలబడ్డ గోళీకి ఎక్కువ పలుకుతుంది. అదే గోళీ అంచున ఉండి వెనకవైపు చిట్లితే సగం కూడా ఇయ్యను. అతికించిందని ముందే చెప్పినవాడికి విడి గోళీకి, ఉత్త తెల్లరాయికి విడివిడిగా ధర కట్టి ఇస్తాను, పైన ఒక్క పైసా కలపను. వాఘోలీ అని రాసిన చీటీ, కొన్న రసీదు ఉంటే మేలు. క్వారీ సేటుకు తెలియకుండా సంచిలో వేసుకొచ్చింది ఎంత బాగున్నా ముట్టను.

"ఇది పెంటగొనైట్, ఇంకా అరుదు" అని రేటు పెంచేవాళ్లుంటారు. రెంటి రసాయనం ఒకటే, లోపలి అమరిక వేరు. పెంటగొనైట్ సూది కొసను ఎదురుగా చూస్తే ఒక్కోసారి అయిదు కోణాల చుక్క కనిపిస్తుంది. అది కనిపించకపోతే, ఎక్స్‌రే పరీక్ష కాగితమూ లేకపోతే, కావన్‌సైట్ రేటే.

కొన్నాక యాసిడ్, బ్రష్షు రెండూ వద్దు. ఊది దుమ్ము వదిలించండి చాలు. దూదిలో మాత్రం చుట్టకండి, పోగులు కొసల్లో చిక్కుకుంటాయి, లాగితే కొసలు ఊడొస్తాయి. గోళీకి ఏదీ తగలకుండా రాయి అడుగును డబ్బాకు బంకమట్టితో నిలబెట్టండి.