లినక్స్ వీఎంలో గెస్ట్ ఏజెంట్: ప్యాకేజీ వేస్తే సగం పనే అయినట్టు

వీఎం (వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) క్రియేట్ చేస్తాం, డెబియనో ఉబుంటూనో వేస్తాం, అంతా బానే ఉంటుంది, తీరా వీఎంలని నడిపే ప్రాక్స్‌మాక్స్ లో సమ్మరీ పేజీ తెరిస్తే ఐపీ ఉండాల్సిన చోట "నో గెస్ట్ ఏజెంట్ కాన్ఫిగర్డ్" అనో, "గెస్ట్ ఏజెంట్ నాట్ రన్నింగ్" అనో కనిపిస్తుంది. చాలామంది కన్సోల్ లోకి వెళ్లి ఐపీ చూసుకుని దీన్ని వదిలేస్తారు. నేనూ చాన్నాళ్లు అంతే, ఐపీ కోసం ఇదంతా ఎందుకులే అనుకునేవాణ్ణి. ఐపీ చూపించడం ఈ గెస్ట్ ఏజెంట్ పనుల్లో అన్నిటికన్నా చిన్నదని బ్యాకప్ రిస్టోర్ చేయాల్సొచ్చిన రోజు గానీ తెలీలేదు.

ఆ రెండు మెసేజ్‌లూ ఒకటి కావు, ఇది ముందు బుర్రలో పెట్టుకోండి. మొదటిది వస్తే హోస్ట్ (వీఎంలని మోసే అసలు మెషీన్) వైపు ఏజెంట్ స్విచ్ వేయలేదని, రెండోది వస్తే స్విచ్ వేశారు గానీ వీఎం లోపల నుంచి పలికేవాళ్లు లేరని. సగం తిప్పలు ఈ తేడా తెలీకే, వీఎంలో ప్యాకేజీని తీసేసి మళ్లీ వేసి, మళ్లీ తీసేసి కూర్చుంటాం, అసలు సమస్య హోస్ట్ లో ఉంటుంది.

ఇంకోమాట, కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, టెర్మినల్ లో మాత్రం మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టాలి, నవ్వకండి.

అసలు ఈ ఏజెంట్ ఏంటంటే, వీఎం లోపల రూట్ గా నడిచే ఓ చిన్న డీమన్, అంటే వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్. వీఎంలని నడిపే క్యూఎము అనే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ వాళ్లది, పేరు క్యూఎము గెస్ట్ ఏజెంట్. హోస్ట్ నుంచి వీఎంకి వర్చ్‌ఐవో సీరియల్ అనే ఓ పైపు వేస్తారు, ఆ పైపులో హోస్ట్ జేసన్ (డేటా రాసే ఓ పద్ధతి) లో ఓ మాట అడుగుతుంది, ఏజెంట్ జేసన్ లోనే జవాబిస్తుంది, అంతే. ఇందులో నెట్‌వర్క్ పాత్ర లేదు, వీఎంకి ఐపీ లేకపోయినా, ఫైర్‌వాల్ అన్నీ మూసేసినా ఇది పని చేస్తుంది. ఈ పాయింట్ గుర్తుంచుకోండి, కింద మళ్లీ వస్తుంది.

ముందు హోస్ట్ సంగతి. ప్రాక్స్‌మాక్స్ లో వీఎం మీద క్లిక్ చేసి ఆప్షన్స్ లోకి వెళ్తే క్యూఎము గెస్ట్ ఏజెంట్ అని ఓ లైన్ ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చేయండి. కమాండ్ లైన్ ఇష్టమైతే "క్యూఎం సెట్ 105 --ఏజెంట్ ఎనేబుల్డ్=1", 105 దగ్గర మీ వీఎం నంబర్ వేసుకోండి. ఇక్కడే అందరూ పడేది. ఈ స్విచ్ వేయగానే వీఎంకి కొత్త డివైజ్ తగలాలి, అది నడుస్తున్న వీఎంకి తగలదు. వీఎం లోపలికెళ్లి రీబూట్ అని కొడితే కూడా తగలదు, ఎందుకంటే లోపల లినక్స్ మాత్రమే మళ్లీ లేస్తుంది, బయట క్యూఎము ప్రాసెస్ పాతదే ఉంటుంది. పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి, లేదా ప్రాక్స్‌మాక్స్ వెబ్ పేజీలో ఉండే రీబూట్ బటన్ నొక్కినా సరే, అది ఆపేసి మళ్లీ లేపుతుంది కాబట్టి పెండింగ్ మార్పులు అప్లై అవుతాయి.

ప్రాక్స్‌మాక్స్ కాకుండా మామూలు కేవీఎం, లిబ్‌వర్ట్ వాడేవాళ్లయితే వర్ట్ మేనేజర్ లో యాడ్ హార్డ్‌వేర్ కి వెళ్లి ఛానెల్ ఎంచుకుని, పేరు దగ్గర "ఆర్గ్ డాట్ క్యూఎము డాట్ గెస్ట్ అండర్‌స్కోర్ ఏజెంట్ డాట్ సున్నా" ఉన్నది తీసుకోండి. పేరు డ్రాప్‌డౌన్ లోనే ఉంటుంది, చేత్తో కొడితే తప్పు పడుతుంది.

ఇప్పుడు వీఎం లోపల. డెబియన్, ఉబుంటూలో "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ క్యూఎము-గెస్ట్-ఏజెంట్", ఆల్మా, రాకీ, ఫెడోరాల్లో ఆప్ట్ బదులు డీఎన్‌ఎఫ్, ఓపెన్‌సూసేలో జిపర్, ప్యాకేజీ పేరు అన్నిచోట్లా అదే, మూడు పదాల మధ్య హైఫన్లు. ఆల్పైన్ లో సిస్టమ్‌డీ (సర్వీసుల్ని లేపే ప్రోగ్రామ్) ఉండదు కాబట్టి ఏపీకే తో వేశాక ఆర్‌సీ-అప్‌డేట్ తో బూట్ లో చేర్చాలి.

వేశాక అలవాటు కొద్దీ సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ కొడతాం కదా, డెబియన్ లోనూ ఉబుంటూలోనూ అది ఓ పెద్ద పేరా తిట్టు తిడుతుంది, ఈ యూనిట్ కి ఇన్‌స్టాల్ సెక్షన్ లేదు, ఎనేబుల్ చేయడానికి కుదరదు అని. కంగారు పడకండి, అది ఎర్రర్ కాదు. ఆ సర్వీస్ ని బూట్ లో లేపేది యూడెవ్ (డివైజ్‌లని కనిపెట్టే లినక్స్ భాగం), పైపు తాలూకు డివైజ్ కనబడగానే అదే స్టార్ట్ చేస్తుంది. అంటే డివైజ్ లేకపోతే సర్వీస్ లేవదు, మీరు ఎన్నిసార్లు స్టార్ట్ కొట్టినా అంతే. అందుకని ముందు "/డెవ్/వర్చ్‌ఐవో-పోర్ట్స్" డైరెక్టరీలో ఎల్‌ఎస్ కొట్టి చూడండి. ఆ ఆర్గ్ డాట్ క్యూఎము పేరు అక్కడ ఉంటే సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ కొట్టేయండి, పనైపోతుంది. డైరెక్టరీయే లేదంటే హోస్ట్ వైపు స్విచ్ వేయలేదు, లేదా వేశాక వీఎంని పూర్తిగా ఆపి లేపలేదు, ప్యాకేజీ జోలికి వెళ్లకండి.

టెస్ట్ చేయడానికి హోస్ట్ నుంచి "క్యూఎం ఏజెంట్ 105 పింగ్". ఏమీ ప్రింట్ అవకుండా ప్రాంప్ట్ వచ్చేస్తే బాగున్నట్టు, తేడా ఉంటే ఏజెంట్ రన్ అవ్వట్లేదని చెప్తుంది. లిబ్‌వర్ట్ లో అయితే వర్ష్ లో క్యూఎము-ఏజెంట్-కమాండ్ తో గెస్ట్-పింగ్ పంపండి, ఖాళీ రిటర్న్ వస్తే ఓకే.

స్విచ్ వేసి ప్యాకేజీ వేయకుండా వదిలేయడం మాత్రం అస్సలు చేయకండి, అది ఏమీ లేకపోవడం కన్నా ఘోరం. స్విచ్ లేనప్పుడు హోస్ట్ ఏసీపీఐ పవర్ బటన్ నొక్కినట్టు సిగ్నల్ పంపి వీఎంని ఆపుతుంది, మామూలు లినక్స్ దానికి ఆగిపోతుంది. స్విచ్ వేశారంటే ప్రాక్స్‌మాక్స్ ఆ పని ఏజెంట్ కి చెప్తుంది, అక్కడ ఎవరూ లేకపోతే టైమ్‌ఔట్ అయ్యేదాకా ఎదురు చూస్తుంది. ఎండాకాలం కరెంట్ పోయి యూపీఎస్ మీద పది నిమిషాలు ఉందనుకోండి, ఏడు వీఎంలు ఒక్కోటి మూడేసి నిమిషాలు ఇలా ఎదురు చూస్తే లెక్క మీరే వేసుకోండి. మా ఇంట్లో అయింది ఇదే.

ఇక బ్యాకప్, నా ఉద్దేశంలో ఏజెంట్ పెట్టుకోవడానికి అసలు కారణం ఇదే. నడుస్తున్న వీఎంకి స్నాప్‌షాట్ మోడ్ లో బ్యాకప్ తీస్తే, ఏజెంట్ లేకపోతే ఆ కాపీ ఆ క్షణాన ప్లగ్ పీకేస్తే డిస్క్ ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మెమరీలో ఉండి ఇంకా డిస్క్ మీదకి రాని రాతలన్నీ గోవిందా. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ లకి జర్నల్ (మార్పుల చిట్టా) ఉంటుంది కాబట్టి ఫైల్ సిస్టమ్ చాలావరకు లేస్తుంది, కానీ అప్పుడే సేవ్ అయ్యాయి అనుకున్న ఫైళ్లు సున్నా సైజులో దొరకొచ్చు, నాకు దొరికాయి కూడా. ఏజెంట్ ఉంటే బ్యాకప్ మొదలయ్యే ముందు హోస్ట్ ఫ్రీజ్ అని చెప్తుంది, లోపల కెర్నల్ పెండింగ్ రాతలన్నీ డిస్క్ మీదకి తోసేసి కొత్త రాతల్ని ఆపి ఉంచుతుంది, హోస్ట్ బ్యాకప్ పాయింట్ పెట్టుకోగానే థా (కరిగించు, అంటే ఫ్రీజ్ తీసేయ్) అని చెప్పి వదిలేస్తుంది. బ్యాకప్ గంట నడిచినా ఫ్రీజ్ మాత్రం మామూలుగా ఆ మొదటి కాసేపే, ఆ తర్వాత వీఎం తన పని తను చేసుకుంటుంది.

నిజంగా జరుగుతోందో లేదో బ్యాకప్ లాగ్ లో చూడండి, ఎఫ్‌ఎస్-ఫ్రీజ్ పంపాను, ఎఫ్‌ఎస్-థా పంపాను అని రెండు లైన్లు ఉండాలి. అక్కడ "స్కిప్పింగ్" అని మొదలయ్యే లైన్ ఉంటే ఏజెంట్ పలకలేదని అర్థం, బ్యాకప్ మాత్రం ఆకుపచ్చగా సక్సెస్ అనే చూపిస్తుంది, అదీ ప్రమాదం.

డేటాబేస్ ఉంటే ఇంకో మాట. ఫ్రీజ్ అయ్యేది ఫైల్ సిస్టమ్, డేటాబేస్ కాదు. పోస్ట్‌గ్రెస్ అయినా మైఎస్‌క్యూఎల్ లో ఇన్నోడీబీ అయినా తమ లాగ్ చూసుకుని కోలుకుంటాయి కాబట్టి పెద్దగా భయం లేదు, మైఎస్‌క్యూఎల్ లోనే పాత రకం మైఐసామ్ టేబుళ్లు ఉంటే మాత్రం ఉంది. అలాంటివాళ్ల కోసం ఫ్రీజ్ హుక్ అని ఉంది, ఏజెంట్ ఫ్రీజ్ కి ముందు ఓ స్క్రిప్ట్ ని ఫ్రీజ్ అనే మాటతో పిలుస్తుంది, వదిలాక థా అనే మాటతో పిలుస్తుంది, మైఎస్‌క్యూఎల్ కి శాంపిల్ స్క్రిప్ట్ క్యూఎము సోర్స్ లోనే ఇచ్చారు. స్క్రిప్ట్ రాసేటప్పుడు ఒక్కటే జాగ్రత్త, లాక్ తీసుకుని అక్కడే వేలాడే స్క్రిప్ట్ రాస్తే వీఎం కూడా దాంతోపాటే వేలాడుతుంది.

ఒక్కోసారి ఫ్రీజ్ అయ్యాక థా రాక వీఎం మొత్తం బిగుసుకుపోతుంది, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) కనెక్ట్ అవుతుంది కానీ ఏం కొట్టినా కదలదు. రీసెట్ కొట్టే ముందు హోస్ట్ నుంచి "క్యూఎం ఏజెంట్ 105 ఎఫ్‌ఎస్‌ఫ్రీజ్-స్టేటస్" అడగండి, ఫ్రోజెన్ అంటే చివర స్టేటస్ బదులు థా పెట్టి కొట్టండి, చాలాసార్లు ఊపిరి వస్తుంది. ఫ్రీజ్ లో ఉన్నప్పుడు ఏజెంట్ వేరే కమాండ్లకి దాదాపు దేనికీ పలకదు, లాగ్ కూడా రాయదు, తన లాగ్ రాయబోయి తనే ఇరుక్కుపోకుండా అన్నమాట. ఇది పదేపదే అవుతుంటే, ఫైల్ లోపల ఫైల్ సిస్టమ్ పెట్టి లూప్ మౌంట్ చేసినవి ఏమైనా ఉన్నాయేమో చూడండి, టెంప్ డైరెక్టరీని అలా పెట్టిన హోస్టింగ్ సర్వర్లలో నేను ఈ గోల చూశా. వేరే దారి లేకపోతే ఆ ఒక్క వీఎంకి ఏజెంట్ ఆప్షన్స్ లో బ్యాకప్ అప్పుడు ఫ్రీజ్ చేసేది ఆపేయొచ్చు, మిగతా పనులకి ఏజెంట్ ఉంటుంది.

పైపుకి నెట్‌వర్క్ అక్కర్లేదన్నా కదా. ఓ రాత్రి ఒంటిగంటకి ఫైర్‌వాల్ రూల్ మారుస్తూ నా ఎస్‌ఎస్‌హెచ్ ని నేనే కోసుకున్నా, కన్సోల్ లో లాగిన్ అవుదామంటే ఆ యూజర్ కి పాస్‌వర్డే పెట్టలేదు, కీ మాత్రమే. అప్పుడు హోస్ట్ నుంచి "క్యూఎం గెస్ట్ ఎగ్జెక్ 105 -- యూఎఫ్‌డబ్ల్యూ డిజేబుల్" (ఫైర్‌వాల్ ఆపేయమని) కొడితే రెండు సెకన్లలో లోపలికి వచ్చేశా. పాస్‌వర్డ్ మర్చిపోతే "క్యూఎం గెస్ట్ పాస్‌వర్డ్" కూడా ఉంది, స్పెల్లింగ్ లో మధ్య అక్షరాలు తీసేసిన పాతకాలం యూనిక్స్ స్పెల్లింగే. ఎగ్జెక్ తో షెల్ పైపులు (నిలువు గీత, పైన చెప్పిన పైపు కాదు), రీడైరెక్షన్లు వాడాలంటే నేరుగా పనిచేయవు, అక్కడ షెల్ ఉండదు, బ్యాష్ మైనస్ సీ అని పెట్టి మొత్తం కోట్స్ లో ఇవ్వాలి.

ఆల్మా, రాకీలలో ఇదే కొడితే కమాండ్ డిజేబుల్ చేశారని వస్తుంది. అది పాడవడం కాదు, రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఎగ్జెక్, ఫైల్ చదవడం లాంటివి ముందే మూసేసి ఇస్తారు. "/ఈటీసీ/సిస్‌కాన్ఫిగ్/క్యూఎము-జీఏ" ఫైల్ లో ఆ లిస్ట్ ఉంటుంది, పాత వెర్షన్లలో వద్దన్నవాటి లిస్ట్, కొత్తవాటిలో సరేనన్నవాటి లిస్ట్, చూసి మార్చి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి, ఆ తర్వాత కూడా మొరాయిస్తే ఎస్ఈలినక్స్ (అదనపు భద్రతా కాపలా) సంగతి చూడండి. కానీ మార్చే ముందు ఒక్క క్షణం ఆలోచించండి, హోస్ట్ మీ సొంతమైతే పర్లేదు, వేరేవాళ్ల హోస్ట్ మీద వీఎం అద్దెకి తీసుకుంటే, ఎగ్జెక్ తెరిచి ఉంచడం అంటే వాళ్ల అడ్మిన్ కి మీ రూట్ తాళం ఇచ్చినట్టే. అలాంటి చోట నేనైతే మూసే ఉంచుతా, ఫ్రీజ్, షట్‌డౌన్, ఐపీ చాలు.

పదిసార్లు వీఎంలు చేసేవాళ్లు ప్రతిదాంట్లో ఇది వేయలేరు కదా, టెంప్లేట్ లో పెట్టేసుకోండి. ఉబుంటూ క్లౌడ్ ఇమేజ్ (ముందే ఇన్‌స్టాల్ చేసిపెట్టిన డిస్క్ ఫైల్) లో ఇది ముందే ఉండదు. వర్ట్-కస్టమైజ్ అనే టూల్ తో ఇమేజ్ బూట్ చేయకుండానే ప్యాకేజీ లోపల వేయొచ్చు, మైనస్ మైనస్ ఇన్‌స్టాల్ అని ప్యాకేజీ పేరు ఇస్తే చాలు. కానీ ఆ పనిలో మెషీన్-ఐడీ (ఒక్కో మెషీన్‌కి వేరుగా ఉండాల్సిన గుర్తింపు) ఫైల్ కూడా నిండిపోయి, దాన్నుంచి తీసిన క్లోన్లన్నీ ఐపీలు పంచే డీహెచ్‌సీపీ దగ్గర ఒకే మనిషినని చెప్పుకుంటాయి, అన్నిటికీ ఒకే ఐపీ వస్తుంది. నాలుగు వీఎంలకి ఒకే ఐపీ ఎందుకొచ్చిందా అని నేను రౌటర్ ని తిట్టుకుంటూ ఓ ఆదివారం పోగొట్టుకున్నా. ట్రంకేట్ ఆప్షన్ తో "/ఈటీసీ/మెషీన్-ఐడీ" ఖాళీ చేసేయండి, పోతుంది.

2023 నవంబర్ లో వీఎంవేర్ (వీఎం సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ) బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక లైసెన్స్ గొడవలతో చాలామంది ప్రాక్స్‌మాక్స్ కి వచ్చారు, వాళ్ల పాత వీఎంలలో ఓపెన్-వీఎం-టూల్స్ ఉంటుంది. అది వీఎంవేర్ తాలూకు ఏజెంట్, ఇక్కడ దానికి పనిలేదు, తీసేసి ఇది వేయండి. అలాగే స్పైస్ వీడీఏజెంట్ అని ఇంకోటి ఉంది, అది కన్సోల్ లో కాపీ పేస్ట్ కి, స్క్రీన్ సైజుకి, దీనికీ దానికీ సంబంధం లేదు. మెమరీ బెలూనింగ్ కూడా కెర్నల్ డ్రైవర్ చూసుకుంటుంది, ఏజెంట్ లేకపోయినా నడుస్తుంది.

అంతా అయ్యాక సమ్మరీ పేజీలో ఐపీ వస్తుంది. డాకర్ ఉన్న వీఎం అయితే మాత్రం 172.17 తో మొదలయ్యేవి, వెత్ అని మొదలయ్యే ఇంటర్‌ఫేస్‌లు పొడుగ్గా వరస కడతాయి, ఏజెంట్ లోపల కనిపించినవన్నీ చెప్పేస్తుంది మరి, మన ఐపీ ఆ మోర్ బటన్ నొక్కితే గానీ దొరకదు ఒక్కోసారి.