సౌర విద్యుత్తు నిల్వకు బ్యాటరీ: కొనడం నుంచి రీసైక్లింగ్‌కు అప్పగించడం దాకా

సౌర విద్యుత్తును రాత్రికి దాచుకోవడానికి బ్యాటరీ కొనేవారు ధర, సామర్థ్యం, వారంటీ చూస్తారు. ఆయువు తీరాక అందులోని లోహాలు ఎక్కడికి చేరతాయో కూడా కొనే రోజునే అడగాలి.

ముందుగా అది ఏ రకమో తెలుసుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీలోని సీసాన్ని కరిగించి మళ్లీ మళ్లీ కొత్త పలకలుగా పోయవచ్చు. కానీ అనుమతి లేని చోట దాన్ని పగలగొడితే సీసపు ధూళి మట్టిలోకి, అక్కడి నుంచి పిల్లల రక్తంలోకి చేరుతుంది. లిథియం అయాన్‌లో నికెల్, కోబాల్ట్ ఉండే ఎన్‌ఎంసీ రకాన్ని ఆ లోహాల విలువ కోసమే రీసైక్లింగ్ సంస్థలు కోరి తీసుకుంటాయి. ఐరన్ ఫాస్ఫేట్‌తో చేసే ఎల్‌ఎఫ్‌పీ రకంలో ఆ రెండూ ఉండవు కనుక వారికి గిట్టుబాటు తక్కువ. అయినా నేను ఎల్‌ఎఫ్‌పీనే సూచిస్తాను, ఎందుకంటే సరిగా వాడితే అది కొన్ని వేల చార్జింగ్ సైకిళ్లు (ఒకసారి నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్) పనిచేస్తుంది, గనుల నుంచి కొత్త లోహం తవ్వాల్సిన అవసరాన్ని అంతకాలం వెనక్కి నెడుతుంది.

ఆ ఆయువు మీ చేతుల్లోనే ఉంది. బ్యాటరీని ఎండ తగలని, గాలి ఆడే చోట ఉంచండి. వేడి ఏ రకాన్నైనా త్వరగా ముసలిది చేస్తుంది. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి ఖాళీ కానివ్వకండి, లిథియం రకాలను సున్నా డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో చార్జ్ చేయకండి. సామర్థ్యం 80 శాతానికి తగ్గినంత మాత్రాన పారేయనక్కరలేదు, లైట్ల వంటి తేలిక భారానికి అది ఇంకా చాలాకాలం ఉపయోగపడుతుంది.

పూర్తిగా పని ముగిశాక లిథియం బ్యాటరీ టెర్మినల్స్‌కు విద్యుత్ నిరోధక టేపు అంటించి, ఉబ్బినదైతే మండే వస్తువులకు దూరంగా ఉంచి, ఎంత మాత్రం విప్పకుండా, తయారీదారుకో అనుమతి పొందిన రీసైక్లింగ్ కేంద్రానికో అప్పగించండి. ఇంటి చెత్తలో వేస్తే అది చెత్త లారీలో నలిగి మంటలకు దారితీయవచ్చు.

అప్పగించేటప్పుడు వారు ఏ పద్ధతి వాడతారో తప్పక అడగండి. కొలిమిలో కరిగిస్తే కోబాల్ట్, నికెల్, రాగి మిశ్రమ లోహంగా దొరుకుతాయి గానీ లిథియం చిట్టెంలో, అంటే కరిగించాక మిగిలే వ్యర్థంలో, కలిసిపోతుంది, దాన్ని మళ్లీ తీయడం ఖరీదైన పని. బ్యాటరీని పొడి చేసి ఆమ్లంలో కరిగించే పద్ధతిలో లిథియం కూడా చేతికందుతుంది. ఐరోపా సమాఖ్య 2023 నాటి నిబంధనల్లో, వ్యర్థ బ్యాటరీల నుంచి 2027 చివరికి 50 శాతం, 2031 చివరికి 80 శాతం లిథియాన్ని తిరిగి రాబట్టాలని లక్ష్యం పెట్టింది. బ్యాటరీ మీది లేబుల్ చించకండి. రకం తెలియకపోతే వేరుచేసేవారికి పని కష్టమవుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది.