ఎచింగ్ ప్రింటు ఒకవైపే వెలిసిపోతుంటే: నా అనుభవం

వారాంతపు ప్రింట్‌మేకింగ్ తరగతిలో చాలామందిని వేధించే సమస్య ఇది. ఎచింగ్‌లో జింక్ ప్లేటు మీద ఆమ్లంతో గీతలు తొలిచి, వాటిలో సిరా నింపి, ప్రెస్‌లో కాగితం మీద అచ్చు తీస్తాం. ప్లేటు మీద గీతలు లోతుగానే ఉంటాయి, ప్రింటులో మాత్రం కుడివైపు వెలిసిపోయి వస్తాయి. సిరా మార్చడం, తుడవడం తగ్గించడం, ప్లేటును మళ్లీ ఆమ్లంలో వేయడం... ఏదీ పనిచేయలేదు.

దారి చూపింది సిరా లేని ప్రింటు. కాగితాన్ని నానబెట్టి, బ్లాటింగ్ కాగితాల మధ్య అద్ది, పైన నీటి మెరుపు పోయేదాకా ఆగాను. శుభ్రమైన ప్లేటు మీద దాన్ని పరిచి, పైన ఫెల్టు (అదిమిన ఉన్ని) దుప్పట్లు ముడతలు లేకుండా సర్ది, ప్రెస్ తిప్పాను. ఏటవాలు వెలుతురులో చూస్తే ప్లేటు అంచు ముద్ర ఎడమవైపు లోతుగా, కుడివైపు అంతంతమాత్రంగా పడింది. రోలర్ ఒత్తిడి సమంగా లేదన్నమాట. ఉమ్మడి స్టూడియోలో లినో (లినోలియం పలకను చెక్కి అచ్చు తీసే) వాళ్లకూ ఎచింగ్ వాళ్లకూ ఒకటే ప్రెస్. ఎవరి అవసరానికి వారు రోలర్ ఒత్తిడి మార్చే స్క్రూలు తిప్పి వెళ్తారు, తప్పుపట్టలేం. కుడి స్క్రూను కాస్త బిగించి, మళ్లీ సిరా లేకుండానే తీశాను. రెండు పక్కలా ముద్ర ఒకే లోతులో పడ్డాకే సిరా జోలికి వెళ్లాను. గీతలు నల్లగా, నిండుగా దిగాయి.

మా ప్రెస్‌కు రెండువైపులా విడివిడి స్క్రూలున్నాయి కాబట్టి కుదిరింది. ప్లేటంతా వెలిసిపోతుంటే కారణం వేరే కావచ్చు. దుప్పట్లు గట్టిపడ్డాయేమో చూడండి.