ఇస్ఫహాన్ గుమ్మటాన్నీ, మూసిన కళ్ళ వెనుక కనిపించే వలనూ ఒకే కాగితం మీద గీయడం ఎలా

ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరంలో 1603, 1619 మధ్య కట్టిన షేక్ లుత్ఫుల్లా మసీదు గుమ్మటం లోపలి భాగాన్ని ఫోటోలోనైనా చూసినవారు, ఎల్‌ఎస్‌డీ, మెస్కలిన్ వంటి మత్తు పదార్థాలు తీసుకున్నవారికి కనిపించే దృశ్యాల వర్ణన చదివినప్పుడు, రెండింటి మధ్య పోలికకు విస్తుపోతారు. ఈ పోలిక కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. మెస్కలిన్ ఉండే పెయోటీ మొక్కను తాను తీసుకుని చూసిన ఇంగ్లీషు వైద్యుడు హావ్‌లాక్ ఎల్లిస్, తనకు కనిపించినవాటిలో కొన్ని కైరో నగరపు ముషరబియా అనే చెక్క జాలీ కిటికీల మాదిరిగా, చెక్కలో చెక్కిన లేసులా ఉన్నాయని 1898లోనే రాశాడు. నరసాపురం పరిసరాల్లో లేసు అల్లికను చూస్తూ పెరిగినవారికి ఆ వర్ణన అర్థం కావడానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

అయితే అటువంటి గుమ్మటాలు కట్టిన మేస్త్రీలు ఏదో సేవించి ఈ నమూనాలు గీశారన్న ప్రచారానికి ఆధారం లేదు. పోలికకు కారణం జ్యామితిలో ఉంది. దానిని చదివి తెలుసుకోవడం కంటే గీసి తెలుసుకోవడం తేలిక. ఇందుకు ఏ పదార్థమూ అవసరం లేదు. పైగా ఎల్‌ఎస్‌డీ వంటివి వాడడం మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం నేరం.

కావలసినవి మందమైన డ్రాయింగు షీట్లు రెండు, వృత్తలేఖిని, కోణమానిని, స్కేలు, పెన్సిలు, రబ్బరు. కోనసీమలో వానాకాలంలో కాగితం చెమ్మ పట్టి మెత్తబడుతుంది. అప్పుడు వృత్తలేఖిని ముల్లు దిగిన చోట రంధ్రం పెద్దదై వృత్తాలు గతి తప్పుతాయి కాబట్టి షీటు కింద అట్ట పెట్టుకోవాలి.

మొదటి షీటు మీద గోడ పలకల నమూనా గీయాలి. ఆరు సెంటీమీటర్ల చదరాలను పక్కపక్కనే, కిందా పైనా, కనీసం నాలుగు గీయండి. ఒక చదరం మూలలో ముల్లు ఉంచి, చదరం కేంద్రం దాకా వృత్తలేఖినిని తెరిచి, ఆ మూలకు రెండు వైపులా ఉన్న భుజాలను ఖండించేలా చాపం గీయండి. నాలుగు మూలల నుంచీ ఇలాగే చేస్తే భుజాల మీద ఎనిమిది గుర్తులు పడతాయి. వాటిని వరుసగా కలిపితే సమ అష్టభుజి వస్తుంది, దాని ఒక్కో భుజం సుమారు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. నాలుగు చదరాలు కలిసే మూల దగ్గర ఒక చిన్న చదరం దానంతట అదే ఏర్పడుతుంది. ఇప్పుడు అష్టభుజి ప్రతి భుజానికీ మధ్యబిందువు గుర్తించి, ఒకటి విడిచి ఒకటిగా ఆ బిందువులను కలపండి. ఒకదాని మీద ఒకటి మెలి తిరిగిన రెండు చదరాలు, అంటే ఎనిమిది కోణాల నక్షత్రం వస్తుంది. చిన్న చదరంలో పక్కపక్కనున్న మధ్యబిందువులను కలపండి. ప్రతి గీతా అంచు దాటగానే అదే దిశలో పక్క గడిలోకి సాగిపోవడం ఇక్కడ గమనించవలసిన విషయం. చివరగా అష్టభుజులను, మొదట గీసిన చదరాలను చెరిపేయాలి.

ఈ చెరిపివేతే పనితనంలోని రహస్యం. ఆగ్రాలో పనిచేసిన బాక్టీరియా శాస్త్రవేత్త ఇ. హెచ్. హాంకిన్, ఫతేపూర్ సిక్రీలోని ఒక స్నానశాల గోడ సున్నం మీద మిగిలిపోయిన సన్నని గీట్లను చూసి ఈ బహుభుజుల పద్ధతిని గుర్తించాడు. 1925లో భారత పురావస్తు శాఖ దానిని ప్రచురించింది. ముగ్గులో చుక్కలు కనిపిస్తూనే ఉంటాయి, ఇక్కడ మాత్రం ఆధారం మాయమై నక్షత్రమే మిగులుతుంది. అసలు పలకల పని దగ్గరగా చూడాలంటే ఇస్ఫహాన్ దాకా వెళ్ళనవసరం లేదు, హైదరాబాదులోని బాద్షాహీ ఆషూర్‌ఖానా గోడలు చాలు.

రెండో షీటు అసలు విషయం. మధ్య బిందువు నుంచి 22.5 డిగ్రీలకు ఒకటి చొప్పున, బండి చక్రపు ఆకుల్లా పదహారు సూటి గీతలు గీయండి; వీటిని ఆకులు అందాం. తర్వాత అదే కేంద్రంతో 1, 1.5, 2.2, 3.2, 4.8, 7.1 సెంటీమీటర్ల వ్యాసార్ధాలతో ఆరు వృత్తాలు గీయండి. ప్రతి వృత్తమూ ముందుదాని కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఉండాలి. సమాన దూరంలో గీస్తే ఫలితం రాదు. ఈ నిష్పత్తి వల్ల గడులు లోపలివి చిన్నవి, బయటివి పెద్దవి అయినా అన్నీ దాదాపు చదరపు ఆకారంలోనే ఉంటాయి. ఇంతవరకూ గీసినది సాలెగూడు. ప్రతి గడిలోనూ ఒకే వాటంగా మూల నుంచి ఎదురు మూలకు గీత గీస్తే సుడులు వస్తాయి. రెండో వాటంగా కూడా గీస్తే కేంద్రం వైపు చిన్నవవుతూ పోయే డైమండ్ల వల వస్తుంది. షేక్ లుత్ఫుల్లా గుమ్మటంలో పతకాల వరుసలు శిఖరం వైపు కుంచించుకుపోయే తీరు ఇదే. ఆకులను చెరిపి, ఒకటి విడిచి ఒకటి వలయాలకు నలుపు వేస్తే సొరంగం.

జాలీ, సాలెగూడు, సొరంగం, సుడి: మెస్కలిన్ దృశ్యాలను పరిశీలించిన మనస్తత్వవేత్త హైన్రిక్ క్లూవర్ 1920లలో పదే పదే కనిపించే ఆకారాలుగా వేరు చేసినవి సరిగ్గా ఈ నాలుగే. మైగ్రేన్‌లోనూ, నిద్ర పట్టే వేళలోనూ ఇటువంటివే కొందరికి కనిపిస్తాయి. కారణం మీ షీటు మీదే ఉంది. కంటి నుంచి మెదడు వెనుక భాగానికి చేరే చిత్రంలో, చూపు మధ్యనున్న కొద్ది మేరకు ఎక్కువ చోటు, అంచులకు తక్కువ చోటు దక్కుతుంది. అంటే మీరు గీసిన వలయాలన్నీ అక్కడ దాదాపు సమానమైన వెడల్పు గల చారలుగా పరుచుకుంటాయి. అక్కడి నాడీకణాల ఉద్రేకం అదుపు తప్పి సూటి చారలుగా చెలరేగితే, చూసేవారికి అవి చారల వాటాన్ని బట్టి వలయాలుగా, ఆకులుగా, సుడులుగా కనిపిస్తాయని పరిశోధకులు ఎర్మెన్‌ట్రౌట్, కోవన్ 1979లో గణితంతో చూపించారు.

పోలికను ఇంతకంటే లాగకూడదని నా అభిప్రాయం. దృశ్యం నిలవదు, కదులుతుంది, మారిపోతుంది. మేస్త్రీ గీత గోడ నాలుగు అంచులకూ లెక్క తప్పకుండా సరిపోవాలి. 1453 నాటి ఇస్ఫహాన్ దర్బ్-ఎ-ఇమామ్ కట్టడపు నమూనాలో భౌతిక శాస్త్రవేత్తలు లూ, స్టైన్‌హార్ట్ 2007లో గుర్తించిన పదికోణాల అమరిక, ఏ ఉద్రేకంలోనూ దానంతట అది పుట్టేది కాదు. గుమ్మటం చుట్టూ రాసిన ఖురాన్ వాక్యాలకు క్లూవర్ జాబితాలో చోటే లేదు.

ఇదే పటాన్ని ధనుర్మాసంలో వాకిట్లో వేయాలనుకుంటే కొలతలను పదింతలు చేసి, మధ్యలో మేకు, తాడు, ముగ్గుపిండి వాడండి. ఆకులకు ముగ్గుపిండి పట్టించిన తాడును బిగించి లాగి వదిలితే చాలు. వలయాలను మాత్రం లోపలి నుంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ వేయండి, వేసినదాన్ని తొక్కే పని ఉండదు.